సగం గోడౌను కూత

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఏ సంగతినైనా ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పుడు మా గోడ మీద బల్లి పాకితే, వీధిలోకి పరిగెత్తి మొసలి వచ్చిందని చెప్పేవాణ్ణట. పెద్దయ్యాక ఆ అలవాటు ఉద్యోగంలోకీ వచ్చింది. రోగికి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, అతని నుదుటి మీద రొట్టెలు కాల్చుకోవచ్చని చెప్పేవాణ్ణి. ఇంట్లోవాళ్ళకి అతని మీద గౌరవం పెరిగేది. కాబట్టి ఇందులో కొలతలన్నీ సగానికి తగ్గించుకుని చదువుకోండి. కొలత పెంచడం వేరు, లేనిది కల్పించడం వేరు. ఈ రాసినదాంట్లో ఒక్కచోట పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర్లో నేనే చెప్తాను. ఈలోగా కనిపెట్టగలిగితే మీరు నాకన్నా గట్టివాళ్ళు.

ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. విశాఖపట్నం రేవులో ఓడలకి సరుకు ఎక్కించి దించే ఒక కంపెనీ డిస్పెన్సరీలో నేను కంపౌండర్ని. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. పేరు చెప్పి దాని ఆత్మని ఇబ్బంది పెట్టను. డిస్పెన్సరీ ఎంత చిన్నదంటే, డాక్టరుగారు లోపలికి రావాలంటే నేను బయటికి వెళ్ళాలి. ఇద్దరం లోపలుంటే రోగి కిటికీలోంచి నాలుక చాపాలి. ఆ గదిలోనే రోజూ పొద్దున్న మా కంపెనీ కబడ్డీ జట్టుకి నూనె రాసి కాళ్ళు పట్టేవాణ్ణి. ఎవరి కండ పట్టేసినా, ఎవరి వేలు వాచినా నా దగ్గరికే. నన్ను "నూనె కంపౌండరు" అనేవాళ్ళు. అందులో ప్రేమ ఎంతో, నూనె ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

మా జట్టుకి ప్రాణం మా కూతగాడు. ఇప్పటి కుర్రాళ్ళలో కబడ్డీ ఆడనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తాను. ఊపిరి బిగబట్టి "కబడ్డీ కబడ్డీ" అని కూస్తూ గీత దాటి అవతలి జట్టులోకి వెళ్ళాలి. ఎవరినైనా ముట్టుకుని, అదే ఊపిరితో వెనక్కి రావాలి. మధ్యలో కూత తెగిందా, ఎవరూ పట్టుకోకపోయినా అవుటే. కండబలం తర్వాతి సంగతి, ముందు ఊపిరి కావాలి. మావాడు కూత అందుకుంటే డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల లంగరేసిన ఓడలు సైరన్ కొట్టి జవాబు చెప్పేవి. ఒక గ్రీకు ఓడ కెప్టెన్ అది పొగమంచు హెచ్చరిక అనుకుని మూడు రోజులు రేవులోకి రాలేదు.

అతనిది పరవాడ వైపు ఒక పల్లె. ఇప్పుడు పొగగొట్టాలు లేస్తున్న చోట అప్పుడు రాగులు పండే చోడి చేలు ఉండేవి. వాళ్ళకున్న చెక్క భూమిని ఇద్దరన్నలు పంచుకుంటే, ఇతని వాటాకి గట్టు మిగిలింది. ఏదో ఊరి పోటీలో అతని కూత విని మా వెల్ఫేర్ ఆఫీసరు టెంపరరీ కూలీగా తెచ్చుకున్నాడు. తెచ్చుకునేటప్పుడు ఒక మాట చెప్పాడు: ఈ ఏడు రేవు కంపెనీల టోర్నమెంటులో కప్పు తెస్తే పర్మనెంటు, తేకపోతే సీజను అయ్యాక ఊరికి. అందుకని అతని బతుకంతా ఆ కూత మీదే వేలాడుతూ ఉండేది.

కూత కొలవడానికి నాకు గడియారం అక్కర్లేదు. డిస్పెన్సరీ వెనక ఒక పొడుగాటి గోడౌను ఉండేది. పొద్దున్నే అతను ఒక్క ఊపిరితో కూస్తూ దాని గోడ వెంట నడిచేవాడు. నేను లోపల మందు సీసాలు తుడుస్తూ వినేవాణ్ణి. మంచి రోజున కూత గోడౌను ఈ మూల నుంచి ఆ మూల దాకా వెళ్ళి, మలుపు తిరిగి, అక్కడ తగ్గేది. కొన్ని రోజులు మాత్రం సగం గోడౌను దగ్గరే తెగిపోయేది. ఆ రోజులకీ, ముందు సాయంత్రాలకీ ఏదో లంకె ఉందని కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేకపోయింది. ముక్కు ఉంటే చాలు.

"నిన్న ఎంత తాగీసినావ్ బావా?" అని అడిగాను ఒక రోజు.

"ఓ గలాసే బావా."

"సగం గోడౌనులో తెగిపోయింది కూత. ఓ గలాసు కూత కాదది."

"గలాసులు నీకు సెవుల్తో ఇనిపిత్తాయేటి?" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత అరికాలి నుంచి నడుం దాకా నూనె రాయించుకుంటూ అసలు సంగతి చెప్పాడు.

మా జట్టులో ఒక ఆచారం ఉండేది. గెలిచిన రోజు సాయంత్రం అందరూ ఫిషింగ్ హార్బర్ దారిలో ఉన్న సారా కొట్టుకి వెళ్ళేవారు. మొదటి గ్లాసు కూతగాడిది. అతను తాగి, ఖాళీ గ్లాసు బోర్లించేదాకా మిగతావాళ్ళెవరూ ముట్టుకోకూడదు. అంటే ఇతను వద్దంటే, ఎండలో ఆడి వచ్చిన జట్టంతా నాలుకలు బయటపెట్టుకుని అతని మొహంలోకే చూస్తూ కూర్చోవాలి. ఆ చూపులకి తట్టుకోవడం ఏ కూతగాడి వల్లా అయ్యేది కాదు. మొదటి గ్లాసు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు గనక దాని వెనకే రెండోది, మూడోది వచ్చేవి.

ఆచారానికి కాపలాదారు మా కెప్టెన్. ఓడలోంచి సరుకు ఎత్తే వించి నడిపేవాడు. అతని మీసానికి జట్టు చొక్కాలన్నీ ఆరేసుకోవచ్చు. మనిషి మాత్రం వెన్న. కుర్రాళ్ళకి దెబ్బ తగిలితే ఎత్తుకుని నా దగ్గరికి తెచ్చేవాడు, పక్కనే కూర్చుని కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు. నేను సారా కొట్టుకి వెళ్ళడం మాత్రం అతనికి నచ్చేది కాదు. నాకు ముందు నుంచీ ఆ అలవాటు లేదు. ఊరికే కబుర్లకని ఒకటి రెండుసార్లు వెళ్ళి చూశాను. నేను గుమ్మంలో కనిపించగానే గ్లాసులు బల్ల కిందికి, నవ్వులు మీసాల కిందికి వెళ్ళిపోయేవి. బడిలో మాస్టారు వచ్చినట్టు అందరూ సర్దుకుని కూర్చునేవారు. మూడోసారి వెళ్ళలేదు.

డాక్టరుగారిని అడిగితే సారా ఒంట్లో ఏం చేస్తుందో ఓపిగ్గా చెప్పారు. దాన్ని నేను రేవు భాషలోకి దించి కూతగాడికి చెప్పాను.

"బావా, మందుగుండు సామాన్లున్న ఓడొకటి, బియ్యం ఓడొకటి ఒకేపాలి వొచ్చాయనుకో. ముందు దేనికి బెర్తిస్తారు?"

"మందుగుండుదానికే. దించీసి పంపీయాల గదా."

"బియ్యం ఓడో?"

"బయట లంగరేసుకుని సూత్తుంటాది."

"నీ ఒంట్లో కూడా అంతే. సారా పడ్డాదంటే కాలేయం అన్ని పన్లూ ఆపీసి ముందు దాన్ని దించుతాది. ఆడి అలిసిపోయిన కండకి తిండి అందించడం, తగిలిన దెబ్బ బాగుసెయ్యడం, అవన్నీ బయటే లంగరు. ఒంట్లో నీళ్ళన్నీ బయటికి తోడీస్తాది. నిద్దర పట్టినట్టే ఉంటాది గానీ అది నిద్దర కాదు. తెల్లారి మనిషి లెగుస్తాడు, ఊపిరి లెగదు."

"అయితే నాను రేవునేటి?"

"రేవువే."

"మరి కెప్టెనో?"

"దొంగసరుకు దింపీవోడు."

డిస్పెన్సరీ అద్దాలు పగిలేలా నవ్వాడు. నిజంగానే ఒకటి పగిలింది, అయితే అది ముందే బీటలు వారి ఉంది. ఆ రోజు నుంచి మానేస్తానన్నాడు. ఆచారం తప్పకుండా గ్లాసు పెదాలకి ఆనించి, చుక్క మింగకుండా కెప్టెన్‌కి అందించేవాడు. కెప్టెన్ గొణిగేవాడు గానీ, దాహం ముందు నియమాన్ని ఎక్కువసేపు పట్టుకోలేకపోయాడు.

మానేసిన వారానికే గోడౌను గోడకి తేడా తెలిసింది. కూత మలుపు తిరిగింది. రెండో వారానికి మలుపు తిరిగి, లారీలు తూచే కాంటా దాటి, లారీల షెడ్డు దాకా వెళ్ళింది. నెల తిరిగేసరికి అతను కూస్తూ వెళ్ళి నెల్లూరులో టీ తాగి కూస్తూనే వెనక్కి వచ్చేవాడు. ముందు రోజు పట్టేసిన పిక్క మర్నాటికి వదిలేసేది. నా నూనె ఖర్చు తగ్గింది.

ఆ నెల సాయంత్రాలు నాకు బాగా గుర్తు. ఫిషింగ్ హార్బర్ గేటుకి కాస్త ఇవతల ఒక గోలీసోడా బండి ఉండేది. పని దిగగానే నేను అక్కడికి వెళ్ళేవాణ్ణి. కూతగాడు వచ్చేవాడు. బండివాడు బొటనవేలితో గోలీని నొక్కితే, ఆ చప్పుడుకి హార్బర్‌లో ఉన్న కొంగలన్నీ ఒక్కసారి లేచి ఒడిశా సరిహద్దులో వాలేవి. వలలు బాగుచేసుకునేవాళ్ళని చూస్తూ, చెరో సోడా పట్టుకుని సిమెంటు దిమ్మ మీద కూర్చునేవాళ్ళం. అతను ఊళ్ళో తన గేదె గురించి చెప్పేవాడు. దానికి ఒక కొమ్ము కిందికి, ఒక కొమ్ము పైకి ఉండేదట. ఇతను కూత సాధన చేస్తుంటే అది కూడా గొంతు కలిపేదట.

"పర్మనెంటయిపోతే దాన్ని ఇక్కడికి తెచ్చీసుకుంటాను బావా."

"ఎక్కడ కట్టేస్తావ్, నీ మెస్సులోనా?"

"నీ సీతమ్మధార గదిలో. నువ్వొక్కడివే గదా ఉంటన్నావ్. నీకూ తోడు."

రోజూ ఇలాంటి మాటలే. చీకటి పడకముందే అతను బస్సెక్కేవాడు, నేను నడిచి సీతమ్మధార వెళ్ళిపోయేవాణ్ణి. అద్దె గదికి వెళ్ళే దారి ఆ రోజుల్లో పొట్టిగా ఉండేది.

అలా ఆడుతూ సెమీఫైనల్ దాకా వచ్చాం. సెమీఫైనల్ గెలిచాం కూడా. గెలిపించినవాడు మావాడే. చివర్లో ఎవరిదో మోకాలు వచ్చి అతని తొడ మీద దిగింది. ఫైనల్ మర్నాడు మధ్యాహ్నమే. నేను హార్బర్ ఐసు ఫ్యాక్టరీకి పరిగెత్తి, చేపల కోసం చేసిన దిమ్మ నుంచి ఒక ముక్క కొట్టించుకుని వచ్చి తొడకి కట్టాను.

"బావా, నాను సేపనేటి? కంపు కొడతన్నాది," అన్నాడు.

"సేపవే. అందుకే ఈ రోజు నీళ్ళే తాగు. అన్నం తిను, కాలు ఎత్తు మీద పెట్టుకుని తొంగో. ఒక్క రోజు బావా. రేపు గెలిస్తే పర్మనెంటు."

"అలగే బావా," అన్నాడు.

అప్పుడే కెప్టెన్, వెనక జట్టంతా డిస్పెన్సరీలోకి వచ్చారు. గది పట్టక సగంమంది కిటికీలో తలలు పెట్టారు. కెప్టెన్ చేతిలో బ్రాందీ సీసా. గెలిచినందుకు వెల్ఫేర్ ఆఫీసరు స్వయంగా పంపించాడట. సారా కాదు, బ్రాందీ! దాన్ని దేవుడి పటంలా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దెబ్బకి ఇదే మంచిది. నొప్పి తెలీకుండా తొంగుంటాడు," అన్నాడు కెప్టెన్.

"నొప్పి తెలీదు గానీ వాపు పెరుగుతాది. రక్తం అంతా అక్కడికే దిగుతాది. రేపు ఊపిరుండదు. వొద్దు బావా," అన్నాను.

"కంపౌండరూ, కాలు నీది, గొంతుక మాది," అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత కూతగాడి వైపు తిరిగి, కోపం లేకుండా, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నాడు: "నెల్రోజులై సూత్తన్నాను రా. పెదాలు తడి సేసుకుని గలాసు నాకిచ్చీస్తన్నావ్. ఏటీ అన్నేదు. నువ్వు కూతకెల్తే ఎనకాల మావందరం సెయ్యీ సెయ్యీ పట్టుకుని గొలుసు కట్టి నీకోసం సూత్తుంటాం గదా. ఆ గొలుసులో నువ్వున్నావా, నేవా? అదొక్కటి సెప్పు."

కూతగాడు నా వైపు చూడలేదు. తొడ మీది ఐసు వైపు చూశాడు. కెప్టెన్ అతన్ని ఎత్తుకుని, ఎప్పుడూ నా దగ్గరికి తెచ్చినంత జాగ్రత్తగా, నా దగ్గర్నుంచి తీసుకెళ్ళాడు. గదిలో చేపల వాసన, కరుగుతున్న ఐసు మిగిలాయి.

మర్నాడు పొద్దున్న కూత వినిపించలేదు. నేనే అతనుండే మెస్సుకి వెళ్ళాను. అతను కూజా ఎత్తి నీళ్ళు తాగుతున్నాడు. విశాఖపట్నానికి మంచినీళ్ళిచ్చే చెరువు ఆ రోజు జానెడు తగ్గిందని విన్నాను. తొడ గుమ్మడికాయంత అయ్యింది. నీలం, ఎరుపు, మధ్యలో నాకు పేరు తెలియని రంగులు. కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ నిద్రపోయిన కళ్ళు కావవి.

"ఎన్ని బావా?"

"మొదటి గలాసే గుర్తున్నాది," అన్నాడు.

బిగించి కట్టుకట్టాను. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించాను. ఒక పూటలో చేయగలిగింది అంతే. బియ్యం ఓడలన్నీ బయటే ఉన్నాయి, బెర్తు ఖాళీ లేదు.

ఫైనల్ పాత ఊళ్ళో ఒక స్కూలు మైదానంలో. జనం పది లక్షలు. ఊరి జనాభా అంత లేదంటారా, పొరుగూళ్ళ నుంచీ వచ్చారు. అవతలిది ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన ఒక కాంట్రాక్టు కంపెనీ జట్టు. ఇనుపచువ్వలు మోసి మోసి వాళ్ళ భుజాలు వంతెనల్లా ఉండేవి. మావాడు మొదట్లో కూతకి వెళ్ళినప్పుడల్లా గీత దగ్గరే తిరిగి తొందరగా వచ్చేశాడు. ఊపిరి దాచుకుంటున్నాడని జనం అనుకున్నారు. దాచుకోవడానికి ఏమీ లేదని నాకు తెలుసు. మిగతావాళ్ళు ప్రాణాలొడ్డి ఆడబట్టి, ఆట ముగిసే వేళకి ఒకే ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. చివరి కూత మావాడిది. ఇద్దరిని ముట్టుకుని వస్తే కప్పు మాది, ఉద్యోగం అతనిది.

వెళ్ళాడు. కూత నిండుగానే మొదలైంది. వాపు కాలిని ఈడుస్తూ మూల దాకా వెళ్ళి ఒకణ్ణి ముట్టాడు. వెనక్కి తిరుగుతూ కాలి కొసతో ఇంకొకణ్ణి తాకాడు. జనం లేచారు. కెప్టెన్ గీత ఇవతల చేతులు చాపి నిలబడ్డాడు. అప్పుడు నాకు మైదానం కనిపించడం మానేసింది, గోడౌను గోడ కనిపించింది. సగానికి వచ్చాం.

అవతలి జట్టు నాయకుడికి కూడా చెవులున్నాయి. "ఆడ్ని ముట్టుకోకండ్రా!" అని అరిచాడు. "అడ్డం నిలబడండి సాలు. ఆడి కూతే ఆడ్ని పట్టీసుకుంటాది."

వాళ్ళు దారికి అడ్డంగా నిలబడ్డారు, అంతే. మావాడు మంచి కాలుంటే వాళ్ళ పక్కనుంచి పాములా జారిపోయేవాడు. ఆ కాలితో చుట్టు తిరగాల్సి వచ్చింది. "కబడ్డీ" సన్నబడి "బడ్డీ" అయింది, ఆ తర్వాత పెదాలు మాత్రమే కదిలాయి. గీతకి రెండడుగుల దూరంలో కూత తెగింది. విజిల్. ఎవరూ పట్టుకోలేదు. ఒక్కరి చెయ్యి కూడా అతని మీద లేదు. అంత పెద్ద మైదానంలో వాళ్ళ వైపు ఒక్కడూ నిలబడి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు.

ఆ తర్వాత జరిగినవి త్వరగా జరిగాయి. కెప్టెన్ వెల్ఫేర్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, "సీసా తమరు పంపేరు, గలాసు నానిచ్చేను. ఆడు సేసిందేటీ నేదు. ఆడ్ని ఉంచీండి బాబూ," అని ఏడ్చాడు. ఆఫీసరు కిటికీలోంచి క్రేన్లని చూస్తూ, మాటంటే మాటే అన్నాడు. కెప్టెన్ ఆ తర్వాత ఎవరికీ మొదటి గ్లాసు ఇవ్వలేదు. ఆచారం పోయింది. కూతగాడు కూడా లేడు గదా.

వెళ్ళిపోయే రోజున అతను డిస్పెన్సరీకి వచ్చాడు. తొడకి కట్టిన గుడ్డ ఉతికి, ఆరేసి, చక్కగా చుట్టి తెచ్చాడు. బల్ల మీద పెట్టాడు.

"ఎల్తన్నాను బావా."

"గేదెనడిగానని సెప్పు," అన్నాను.

నవ్వాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నాకు నీ మీద కోపం నేదు బావా. నువ్వు సెప్పిందంతా నిజిమే. తాగొద్దని సెప్పినావు, ఎందుకో కూడా సెప్పినావు. గానీ సాయంత్రం ఏటి సెయ్యాలో సెప్పనేదు."

అలా అని వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడూ కనిపించలేదు.

ఇక మాట నిలబెట్టుకోవాలి. గ్రీకు ఓడ రేవులోకి రాకపోవడం నిజం, కాకపోతే మూడు రోజులు కాదు, ఒక పూట. తొడ గుమ్మడికాయంత కాదు, కొబ్బరికాయంత. నెల్లూరు దాకా వెళ్ళలేదు, లారీల షెడ్డు దాకా వెళ్ళాడు. జనం పది లక్షలు కాదు, వెయ్యిమంది. ఇవన్నీ పెంచినవే గానీ కల్పించినవి కావు.

కల్పించింది సోడాలు.

అతని చివరి మాట విన్నప్పుడే మీకు అనుమానం రావాలి. నెల రోజులు సాయంత్రం నా పక్కన కూర్చున్నవాడు ఆ మాట ఎందుకంటాడు? రమ్మని రోజూ పొద్దున్న చెప్పేవాణ్ణి. అలగే బావా అనేవాడు. వచ్చింది ఒక్క సాయంత్రం. సోడా సగం తాగి, బస్సుందని లేచాడు. గేదె, దాని కొమ్ములు, నా గదిలో కట్టేస్తాననడం, అన్నీ ఆ సగం సోడాలో చెప్పినవే. వాటినే నెలకి సరిపడా సాగదీశాను. మిగతా సాయంత్రాలు అతను సారా కొట్టు బయట బల్ల మీద, చేతిలో బోర్లించిన గ్లాసుతో, లోపలి నవ్వులు వింటూ కూర్చునేవాడట. కెప్టెన్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. ఆ కొట్టుకీ, నా సోడా బండికీ మధ్య ఒక్క మలుపు.

బండివాడు నన్ను చూడగానే రెండు సీసాలు తీసేవాడు. ఒకటి కొట్టి నా చేతికిచ్చి, రెండోదాని గోలీ మీద బొటనవేలు ఆనించి మలుపు వైపు చూసేవాడు. కాసేపాగి, "కొట్టీమంటారా బాబూ?" అనేవాడు.

"ఉండు, వొస్తాడు," అనేవాణ్ణి.